బోర్డు చాలని రెక్క

నా ఉద్యోగమంతా చచ్చినవాటితోనే గడిచింది. ఫార్మలిన్ సీసాలో తెల్లబారిన పాము, మైనపు పళ్లెంలో వెల్లకిలా గుచ్చిన కప్ప, ఈకలు రాలిపోతున్న గద్ద. మిర్యాలగూడ, కోదాడ, మళ్లీ మిర్యాలగూడ ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో జువాలజీ చెప్పి ఈ మధ్యనే రిటైరయ్యాను. పాలకీడులో మా మేనత్త రూతమ్మ నన్ను దగ్గరికి తీసుకోబోయి ముక్కు మూసుకునేది. "ఏందే మార్తా, కాలేజీకెళ్లి వస్తున్నవా, శవాల కొట్టంకెళ్లి వస్తున్నవా?" అనేది.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఇంటికి వచ్చి "మేడమ్, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. ట్రాన్స్‌ఫర్లు, ఇంక్రిమెంట్లు, ఎవరికి ఎవరు దండం పెట్టారు లాంటివి నన్ను అడగొద్దు. వాటికి వేరే పండితులు ఉన్నారు. నాకు తెలిసింది ఒక్కటే. చచ్చినదాన్ని పిల్లల కళ్ల ముందు బతికించడమే ఈ ఉద్యోగం. అది చేతగాకపోతే సీసా మీద అతికించిన పేరు చదవడానికి లెక్చరర్ ఎందుకు? చదువొచ్చిన ఎవరైనా చాలు.

నా మట్టుకు అన్నిటికంటే బాగా బతికిన జంతువు ఒకటుంది. దాన్ని సీసాలో కూడా నేను చూడలేదు. నేను పుట్టడానికి ఆరున్నర కోట్ల ఏళ్ల ముందే అది భూమ్మీద లేకుండా పోయింది.

చేతులు వెనక్కి

మిర్యాలగూడలో చేరిన కొత్తలో మా డిపార్ట్‌మెంటుకు పెద్ద యాదగిరి సార్. పొట్టి మనిషి, పొడుగు చేతులు. చొక్కా జేబు నిండా రంగు సుద్దముక్కలు. ఆయన ల్యాబులో ఒక పద్ధతి ఉండేది. కొత్త స్పెసిమెన్ ఏది బల్ల మీద పెట్టినా ముందు అందరూ చేతులు వెనక్కి కట్టుకుని, నోరు మూసుకుని చూడాలి. పేరు అడగకూడదు, పుస్తకం తెరవకూడదు. చాలాసేపు చూశాక ఆయనే "ఊఁ, ఇగ చెప్పుండ్రి" అనేవారు.

నాకు అది నరకం. నా నోటికి తాళం లేదని మా ఊళ్లో అందరికీ తెలుసు. మొదటి రోజే స్పెసిమెన్ చూడగానే "సార్, ఇది..." అన్నాను.

"మార్తా, నీ నోరు జర పక్కన పెట్టి సూడు. నోరు నడుస్తుంటే కండ్లు పని జెయ్యవు" అన్నారు.

పిల్లల ముందు అంత మాటా అని కోపంతో ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు ఆయన నా ముందు టీ గ్లాసు పెట్టి, "కోపం పోయిందా, ఇంకొంచెం ఉన్నదా?" అని అడిగారు. ఇంకొంచెం ఉందని చెప్పాను. "ఉండనీ, సాయంత్రం దాక సాలుతది" అన్నారు. ఆయనతో పనిచేసిన కాలమంతా మా మధ్య ఇదే తంతు. ఆయన నన్ను మాట్లాడొద్దనేవారు, నేను మాట్లాడేదాన్ని.

కొత్తవాళ్లకు చెప్తున్నాను. మీరు క్లాసులో చెప్పేదానిలో సగం చెప్పకపోయినా నష్టం లేదు. ఆ సగం సేపు పిల్లల్ని చూడనివ్వండి. ఇది చెప్తున్నది ఆ పద్ధతి ఎన్నడూ సరిగా పాటించలేకపోయిన మనిషి, అది కూడా గుర్తుపెట్టుకోండి.

వాడపల్లి రాయి

మా వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి కదా, వాటి గనుల దగ్గర దొరికిన రాళ్లను ఎవరో ఒకరు కాలేజీకి తెస్తూనే ఉంటారు. నున్నటి బండ మీద నల్లగా కొమ్మలు, రెమ్మలు, అచ్చం ఆకు అచ్చు వేసినట్టు ఉంటుంది. కోట్ల ఏళ్ల కిందటి చెట్టు దొరికిందని సంబరంగా తెస్తారు. అది చెట్టు కాదు. రాతి పగుళ్లలోకి దిగిన నీళ్లు తమతో తెచ్చిన ఖనిజాన్ని అలా వదిలిపెట్టి పోతాయి. మన వాడపల్లి సున్నపురాయి చాలా పాతది, ఎముక అనేదే ఏ ప్రాణికీ పుట్టకముందుది. ఎంత తవ్వినా అందులో ఎముక దొరకదు.

కోదాడలో నా పై అధికారి ఒకాయన ఉండేవాడు, పేరు వద్దులెండి. ఒక పిల్ల తండ్రి అలాంటి రాయిని తువ్వాలులో చుట్టి తెస్తే, "ఇంకా నయం, డైనోసార్ పేడ తెచ్చావు కాదు" అని పగలబడి నవ్వాడు. ఆ తండ్రి రాయిని మళ్లీ తువ్వాలులో చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆ ఊరి నుంచి మళ్లీ ఎవరూ మాకు ఏమీ తేలేదు, చచ్చిన సీతాకోకచిలుకను కూడా.

యాదగిరి సార్ అలా కాదు. ఎవరు రాయి తెచ్చినా చేతులు కడుక్కుని అందుకునేవారు. వెలుగులో అటూ ఇటూ తిప్పి, తెచ్చినవాడి చేతికే భూతద్దం ఇచ్చేవారు. "ఆకుకు నడుమ ఈనె ఉంటది గద, దీనికి ఉన్నదా సూడు" అనేవారు. వాళ్లే చూసి, వాళ్లే లేదనేవాళ్లు. "మరి నీళ్లు గీసిన బొమ్మ గిది. నీళ్లకు గింత పనితనం ఉన్నదని నువ్వు తెచ్చినవు గాబట్టి తెలిసింది" అనేవారు. రాయి తెచ్చినవాడు ఓడిపోయి కాదు, గెలిచి ఇంటికి పోయేవాడు. ఇద్దరు అధికారుల మధ్య తేడా నాకు ఆ రాళ్ల దగ్గరే తెలిసింది.

ఒక వేలి మీద బతుకు

నేను మొదట్లో చెప్పిన ఆ జంతువు టెరోసార్. దాని పాఠం సిలబస్‌లో రెండు ముక్కలే. మొదటిసారి ఆ రెండు ముక్కలు చెప్తూ "ఎగిరే డైనోసార్లు" అన్నాను. వెనక బెంచీలో యాదగిరి సార్ కూర్చుని ఉన్నారు. పిల్లల ముందు ఏమీ అనలేదు. క్లాసయ్యాక వరండాలో పట్టుకున్నారు.

"మార్తా, మీ మేనబావను తీసుకొచ్చి 'వీడు మా అన్న' అని చెప్తే మీ ఇంట్ల ఊకుంటరా?"

"అయ్యో, ఊకుంటరా సార్! పరువు పోదూ?"

"ఇది గూడ గంతే. డైనోసార్లకు ఇవి మేనబావలు. దగ్గరి సుట్టాలే గని ఒక్క ఇంటోళ్లు కారు. పక్షులే ఆ ఇంటి బిడ్డలు."

ఆ మాట నేను పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో! పరీక్షల్లో ఒకడు "టెరోసార్ డైనోసార్‌కు మేనబావ" అని రాసేశాడు. మార్కు ఇచ్చాను.

మర్నాడు ఆ పాఠం సార్ చెప్పారు, నేను వెనక కూర్చున్నాను. "మీ ఎడమ చెయ్యి సాపుండ్రి" అన్నారు. అందరం చాపాం. "బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు ఉండనీయిండ్రి, చిన్నగ గోర్లతోని. చిటికెన వేలు లేదనుకోండ్రి. ఇగ ఉంగరం వేలు సూడుండ్రి. అది పెరిగి పెరిగి పక్క క్లాసు గోడకు తాకిందనుకోండ్రి. ఆ వేలి కొస నుంచి మీ కాలు దాక తోలు గుంజి కట్టిందనుకోండ్రి. గదే రెక్క."

గబ్బిలం నాలుగు వేళ్ల మీద రెక్క పరుచుకుంటుంది. పక్షి ఈకల మీద ఆధారపడుతుంది. ఇది మాత్రం ఒక్క వేలిని నమ్ముకుంది. ఒక్క వేలి మీద ఆకాశాన్ని మోసి, కోట్ల ఏళ్లు బతికింది. వెన్నెముక ఉన్నవాటిలో రెక్క ఆడించి ఎగరడం మొదట నేర్చింది ఇదే, పక్షుల కంటే, గబ్బిలాల కంటే ఎంతో ముందు. ఆ రోజు నాకు ఒళ్లు జలదరించింది. ఉంగరం వేలు పెళ్లి ఉంగరానికి తప్ప ఎందుకూ పనికిరాదనుకుంటున్నదాన్ని నేను.

ఆ తర్వాత దొరికిందల్లా చదివాం. ఎముకలు బోలుగా, గోడలు పలచగా ఉండి లోపల గాలి ఆడేది. ఒంటి మీద మేకపిల్లకు ఉండేలాంటి మెత్తటి నూగు. రెక్క తోలు ఉత్త తోలు కాదు, లోపల నారలూ కండా నెత్తురూ ఉన్న బతికిన గుడ్డ. కొన్ని చేపలు పట్టేవి, కొన్ని పురుగులు తినేవి, ఒక రకమైతే సన్నటి పళ్లతో నీళ్లు వడగట్టుకుని తినేది. అన్నిటికంటే పెద్దవి జిరాఫీ అంత ఎత్తు, రెక్కలు చాపితే ముప్పై అడుగుల పైమాటే. అవి మన పొలాల్లో ట్రాక్టర్ వెనక కొంగలు నడిచినట్టు నేల మీద నడుస్తూ, దొరికిన చిన్న ప్రాణినల్లా ముక్కుతో ఏరుకునేవట. నడిచేటప్పుడు రెక్క మడిచి, మూడు చిన్న వేళ్లు నేలకు ఆనించి, నాలుగు కాళ్ల మీద నడిచేవి. ఆ అడుగులు బురదలో పడి, బురద రాయై, ఇప్పటికీ ఉన్నాయి. గుడ్డు పెంకు తోలులా మెత్తన. పిల్ల బయటికి వచ్చిన కొద్ది రోజులకే ఎగిరేదని కొందరంటారు, కాదనేవాళ్లూ ఉన్నారు. తేలనిదాన్ని తేలలేదని చెప్పండి పిల్లలకు. అలా చెప్తే సిగ్గేమీ లేదు.

సార్ ఆ రెక్కను బోర్డు మీద గీస్తుంటే పక్క సెక్షన్ పిల్లలు కిటికీల దగ్గర మూగేవారు. భుజం ఎడమ అంచున మొదలుపెట్టి, మోచెయ్యి, మణికట్టు, మూడు చిన్న వేళ్లు, ఆ తర్వాత నాలుగో వేలు. అది గీస్తూ గీస్తూ కుడి అంచుకు వచ్చేసరికి బోర్డు అయిపోయేది. చెక్కకు తగిలిన వేలిని కిందికి వంచి ముగించేవారు. పిల్లలంతా అలాగే వంచి గీసుకునేవారు. నేనూ అంతే.

సార్ కళ్లు

సార్ రిటైరై హుజూర్‌నగర్‌లో స్థిరపడ్డారు. ఆదివారం ప్రార్థన అయ్యాక బస్సెక్కి వెళ్లి, వాళ్లావిడ లక్ష్మమ్మగారు పెట్టింది తిని, సార్‌తో వాదించి వచ్చేదాన్ని. సార్‌కు షుగర్ ఎప్పటినుంచో ఉంది. ఒక ఆదివారం నా ముఖం చూస్తూ, "మార్తా, నీ ముక్కు కాడ నల్ల సుక్క ఉన్నదేందే?" అన్నారు.

నా ముక్కు దగ్గర ఏ చుక్కా లేదు.

షుగర్ కళ్లకెక్కింది. హైదరాబాద్ కంటి దవాఖానలో లేజర్ చేశారు. ఉన్న చూపు ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేమన్నారు. లక్ష్మమ్మగారు వంటింట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. సార్ మాత్రం పాత పుస్తకంలో బొమ్మను ముక్కుకు ఆనించుకుని చూస్తూ కూర్చున్నారు. అది టెరోసార్ బొమ్మ, గోరంత ఉంది.

"కొలువున్నన్ని ఏండ్లు చెప్పిన దీని గురించి. ఒక్కనాడు గూడ నిండుగ సూడలే. కండ్లు పోకముందే ఒక్కపాలి, ఎంతున్నదో అంత, ఎదురుంగ నిలబడి సూడాలె మార్తా" అన్నారు.

ఏ దేశంలోని మ్యూజియంకో తీసుకుపోయే స్తోమత ఎవరికుంది? నోరు ఊరుకోదు కదా, అనేశాను. "మేమే కడతాం సార్. అసలంత సైజులోనే."

"మాటంటే మాటేనా?"

"మాటే."

బస్సులో కూర్చున్నాక గానీ నాకు భయం వేయలేదు.

గోదాములో

చలికాలంలో సూర్యాపేటలో సైన్స్ ప్రదర్శన, రెండు జిల్లాల కాలేజీలనూ పిలిచారు. అదే సందు అనుకున్నాను. ప్రిన్సిపాల్‌గారు కోదాడ వైపు మనిషి, మంచివాడే, కాకపోతే దేనికైనా ముందు భయం, తర్వాతే పని. "మార్తమ్మగారూ, థర్మాకోల్‌తో చిన్నది చేసేస్తే పోదా అండీ?" అన్నారు. పోదు అన్నాను.

నాకు తోడు వచ్చింది ఫిజిక్స్ లచ్చిరాం సార్. వాడపల్లి పక్క తండా మనిషి, యాదగిరి సార్ దగ్గర చదువుకున్నవాడే. సార్ కళ్ల సంగతి చెప్పగానే, "ఎప్పుడు మొదలువెడదాం మేడమ్?" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. తెలిసినవాళ్ల రైస్‌మిల్లులో ఖాళీ గోదాము అడిగి, వెదురుబొంగులు దింపించాడు. ఫోన్‌లో వాళ్లమ్మకు లంబాడీలో ఏదో గంటసేపు చెప్పి, "పిట్ట కాదు, పాము కాదు అంటే మా అమ్మ భూతం కడుతున్నవా అంటుంది మేడమ్" అని నవ్వాడు.

కట్టేటప్పుడే మా ఇద్దరికీ పెద్ద గొడవ. ఇంత శాల్తీ నేల మీద నుంచి ఎలా లేస్తుంది? కొంగలా పరిగెత్తి లేస్తుందని నేను. అంత బరువుకు రెండు కాళ్లు చాలవని ఆయన. చివరికి ఆయన చొక్కా చేతులు మడిచి, గోదాము నేల మీద నాలుగు కాళ్ల మీద వంగాడు.

"గోడ దుంకేటప్పుడు మనిషిని లేపేది చేతులే మేడమ్, కాళ్లు గాదు. సూడుండ్రి" అని, మొదట కాళ్లతో తన్ని, తర్వాత చేతులతో నేలను ఒక్క నెట్టు నెట్టి, బియ్యం బస్తా మీది నుంచి అవతలికి దూకాడు. రెక్కలను ఆడించే కండలే దాన్ని నేల మీద నుంచి విసిరేవి. వీటి మీద పరిశోధన చేసేవాళ్లు చాలామంది ఇప్పుడు అలాగే అనుకుంటున్నారు. మిల్లు హమాలీలు చప్పట్లు కొట్టారు. నేను ఓడిపోయాను, ఒప్పుకున్నాను. ఓడిపోవడం అంత హాయిగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

రెక్క తోలుకు పాత ఫ్లెక్సీలు దొరికాయి. తెల్లవైపు పైకి తిప్పి రంగు వేశాం. కింద నిలబడి చూస్తే మాత్రం ఎడమ రెక్క నిండా ఎవరో నాయకుడు దండం పెడుతూ, జన్మదిన శుభాకాంక్షలు. ప్రిన్సిపాల్‌గారు గుండె పట్టుకున్నారు. "అది కనిపిస్తే నా ఉద్యోగం పోతుందండీ!" రాత్రికి రాత్రి కాకపోయినా రెండు రోజుల్లో దాని మీదా రంగు కొట్టాం.

ఆదివారాలు సార్‌కు ఫొటోలు చూపించేదాన్ని. "ఫొటోలొద్దు. నేను దాన్నే సూస్త" అని ఫోన్ పక్కకు నెట్టేవారు. ముక్కు దగ్గరి చుక్క ఆయనకు ఇప్పుడు చెయ్యంత అయింది. నా తొందరంతా ఆ చుక్కతోనే.

తలుపు

ఇల్లు అలకగానే పండగ కాదంటారు. ప్రదర్శనకు ముందురోజు సామాను మోసే డీసీఎం వ్యాను వచ్చి గోదాము ముందు ఆగింది. మా టెరోసార్ లోపల రెక్కలు బార్లా చాపి, గోడ నుంచి గోడ దాకా దర్జాగా నిలబడి ఉంది. నేనూ లచ్చిరాం చెరో పక్కా పట్టుకుని ముందుకు నడిపించాం. తలుపు దగ్గర ఆగిపోయింది.

తలుపు చిన్నదేమీ కాదు, లారీ పట్టేదే. కానీ రెక్క ఆ గోదాము వెడల్పంత ఉంది. బొంగులన్నీ కదలకుండా ఇనుప తీగతో బిగించి కట్టాం మేం. ఇన్ని వారాల్లో ఇది బయటికి ఎలా వెళ్తుందని ఒక్కరికీ, మాకుగానీ, మిల్లువాళ్లకుగానీ తోచలేదు. తోచదు కూడా. అది మిర్యాలగూడ. ఇక్కడ లోపలికి లారీల లెక్కన పోయిందంతా బస్తాల లెక్కన బయటికి వస్తుంది. తలుపు పట్టని సరుకు ఒకటుంటుందని ఈ ఊళ్లో ఎవరి తాతా చూడలేదు.

"కోసేయండి" అన్నారు ప్రిన్సిపాల్‌గారు. "మధ్యకి కోసేసి అక్కడ అతికించేద్దాం. ఎవరు చూడొచ్చారండీ?"

"చూసేవాళ్లు ఒకరున్నారు సార్" అన్నాను. లచ్చిరాం బొంగు మీద చెయ్యి పెట్టుకుని, తల అటు తిప్పుకున్నాడు. ఎక్కడ పడితే అక్కడ కోస్తే రెక్క వేలాడిపోతుంది, మళ్లీ నిలబడదు.

సార్‌కు ఫోన్ చేశాను. లక్ష్మమ్మగారు ఎత్తారు.

"మార్తా, నిన్న పొద్దుగాల కంట్ల నెత్తురు గారిందట బిడ్డా. అంతా పొగ లెక్క గనిపిస్తుందంటున్నడు. వెలుగు, నీడ తప్ప ఏం తెలుస్తలేదు. హైదరాబాద్ పోదామంటే రేపు సూర్యాపేట పొయ్యొచ్చినాకనే అని మొండికేసిండు."

ఒక్కరోజు. మొన్ననే తలుపు కొలుచుకుని ఉంటే, సార్‌నే గోదాముకు పిలిచి ఉంటే! చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. ఇంతలో సార్ ఫోన్ లాక్కున్నారు.

"ఏమైందే? ఎందుకు జేసినవ్?"

కళ్ల సంగతి నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. తలుపు సంగతి చెప్పాను. అవతల నుంచి పెద్ద నవ్వు.

"ఓ పిచ్చిదానా! అది బతికున్నప్పుడు రెక్కలు సాపుకొనే తిరిగిందా? సెట్ల నడుమ, బండల నడుమ ఎట్ల నడిసింది? ఎట్ల నడిసిందో గట్ల మడువుండ్రి. భుజం కాడ కిందికి దించు. మెటిక కాడ, నాలుగో వేలు మొదట్ల, ఎనకకు మడువు. ఆడ రెండు, ఈడ రెండు కోతలు. అంతే. మిగిలింది ముట్టుకోకుండ్రి."

కొట్టు నుంచి తలుపులకు వేసే బందులు తెచ్చాం. లచ్చిరాం భుజాల దగ్గర, మెటికల దగ్గర కోసి బందులు బిగించాడు. చేతులు కిందికి దించి, పెద్ద వేళ్లు వెనక్కి మడిచాం. మూడేసి చిన్న వేళ్లు నేలకు ఆనాయి. మళ్లీ చెరో పక్కా పట్టుకుని నడిపించాం. అది తల కొంచెం వంచి, ఒక ముందు కాలూ తర్వాత ఇంకోటీ వేస్తూ, తలుపులోంచి ఎండలోకి నడిచి వచ్చింది.

హమాలీలు బీడీలు పారేసి లేచి నిలబడ్డారు. ప్రిన్సిపాల్‌గారు కూడా "అబ్బ!" అన్నారు. పుస్తకంలో నాలుగు కాళ్ల మీద నడుస్తుంది అని ఎన్నిసార్లు చదివానో, ఎన్నిసార్లు చెప్పానో. అది ఎందుకు అలా నడవాలో ఆ తలుపు దగ్గర తెలిసింది. ఎగరడానికి పుట్టిన అంత రెక్కను నేల మీద ఇరుకు దారిలో గొడుగులా మడిచి, దాన్నే కాలు చేసుకోవడం! ఎంత తెలివైన ఒళ్లు! కంట్లో నీళ్లు ఆగలేదు, అది సంతోషమో బాధో నాకూ తెలియదు.

ఈ కథ తర్వాత మా రూతమ్మ అత్తకు చెప్తే, బైబిల్లో జలప్రళయం కథ తెచ్చి తేల్చేసింది. "గందుకేనే అవి నోవహు ఓడ ఎక్కలే. తలుపు పట్టలే." మడిస్తే పట్టేది అత్తా అన్నాను. "మడవమని చెప్పెటోడు ఉండాలె గద" అంది.

సూర్యాపేట మైదానం

మైదానంలో బందులు తెరిచి, రెక్కలు చాపి, మనిషి చెయ్యి అందే ఎత్తులో తాళ్లతో గుంజలకు కట్టాం. జనం మూగారు. ఒకాయన "ఇది పెద్ద గబ్బిలమా?" అంటే, ఇంకొకాయన "కాదు, రాబందు" అన్నాడు. లచ్చిరాం వాళ్ల చేతులు చాపించి ఉంగరం వేలు చూపిస్తున్నాడు.

సార్ ఆటో దిగారు. తెల్లటి చొక్కా, జేబులో రంగు సుద్దలు. ఇంకా ఎందుకు పెట్టుకున్నారో! లక్ష్మమ్మగారు చెయ్యి పట్టుకున్నారు. ఎండ వైపు ముఖం పెట్టి, "ఎటుందే?" అన్నారు. ముప్పై అడుగుల జంతువు ఎదురుగా నిలబడి ఉంటే ఎటుందని అడిగారు.

"సార్, ఆలస్యం చేశాం సార్..."

"ఏడ్వకు. భుజం కాడికి తీస్కపో."

నేను ఆయన చెయ్యి తీసి దాని భుజం మీద పెట్టాను. ఆయన వేళ్లతో బందును తడిమి, "గిదేనా మీరు కోసింది? మంచిగ కోసిండ్రు" అన్నారు. మోచేతి దాకా వచ్చారు. నేను పక్కనే నడుస్తూ చెప్తున్నాను. ఇది మోచెయ్యి సార్, ఇది మణికట్టు సార్, ఇక్కడ రంగు కొంచెం పోయింది సార్, ఈ బొంగు నేరేడుచర్ల నుంచి వచ్చింది సార్. మూడు చిన్న వేళ్లు వచ్చాయి. ఒక్కో గోరును పట్టుకుని చూశారు. ఆ తర్వాత నాలుగో వేలి మొదలు దొరికింది.

దాని మీద అరచెయ్యి ఆనించి నడవడం మొదలుపెట్టారు. కొంచెం దూరం పోయాక ఆగి, చెయ్యిని కిందికి వంచారు. అక్కడ వేలు కిందికి వంగలేదు. నేరుగా పోతూనే ఉంది.

"ఇంకా ఉన్నదా?" అన్నారు.

"ఉంది సార్."

ఇంకా నడిచారు. "ఇంకా?"

"ఇంకా ఉంది సార్."

చివరికి కొస దొరికింది. రెండు చేతులతో దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. గాలికి రెక్క అదురుతుంటే ఆయన చేతులూ అదురుతున్నాయి. ముఖం వెలిగిపోతోంది. ఏ కొత్త పెళ్లికొడుకు ముఖంలోనూ అంత వెలుగు నేను చూడలేదు.

"గింత పొడుగున్నదా మార్తా! ఇన్నేండ్లు నేను కురచగ గీసిన. బోర్డు సాలలే."

నేను ఏదో చెప్పబోయాను. బోర్డుదేముంది సార్, మీరు గీసింది చూసే కదా మేం, అని ఇంకా ఏవేవో. ఆయన నా భుజం కోసం గాలిలో తడిమి, దొరకగానే గట్టిగా పట్టుకున్నారు.

"పా, మళ్ల మొదటికెళ్లి పోదాం" అన్నారు. "ఈసారి మాట్లాడకు."

మళ్లీ భుజం దగ్గరికి వెళ్లాం. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.